కారాగారములో హెచ్.ఐ.వి. నివారణ - గ్రామస్థుల కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక చిన్న గదిలో ప్రారంభమైన ఈ గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి పండుగనాడు పుస్తకములను గూర్చియో, కవులను గూర్చియో మాటాడుట ఆచారము. కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు నేను వేరొక విషయమును కోరితిని. కారాగారములలో హెచ్.ఐ.వి. వ్యాపింపకుండ చేయుట యెట్లు అనునదే ఆ విషయము. శుభకార్యమునాడు జైలు మాటయు, రోగము మాటయు నెందుకని మీలో కొందరనుకొనవచ్చును. ఎందుకో మొదట చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము నేనొక గ్రామ గ్రంథాలయమునకు పుస్తకములు తిరిగి యిచ్చుటకు పోయితిని. చదువరులందరును వెళ్లిపోయిరి. గ్రంథపాలకుడు కిటికీలు మూయుచుండెను. అప్పుడొక యువకుడు లోనికి వచ్చెను. ఏదియో కేసులో కొన్ని మాసములు రిమాండులో నుండి, అంతకు మూడు దినముల ముందే బెయిలుపై ఇల్లు చేరినవాడు. అతడు చొక్కాలోపలినుండి ఒక చిన్న డబ్బా తీసి బల్లపై పెట్టి యిట్లనెను: "సారూ, ఈ గోలీల డబ్బ మీ బీరువల పెట్టుకుంటరా? దినాం రాత్రి వచ్చి ఒక గోలి మింగిపోత. ఇంట్ల కనవడితె అడుగుతరు. ఊర్ల తెలిస్తె మా చెల్లె పెండ్లి ఆగిపోతది."

ఆ మాత్రలు హెచ్.ఐ.వి. మందులు. కారాగారములో చేరినప్పుడు జరిగిన పరీక్షలో అతనికి ఆ వ్యాధి యున్నట్లు తెలిసెను. లోపల నున్నన్ని దినములు మందు తప్పక దొరికెను. బయటకు వచ్చిన మూడవనాటికి, ఆ మందు పెట్టుకొనుటకు సొంత యింటిలో అతనికి చోటు లేకపోయెను. గ్రంథపాలకుడు ఒక్క ప్రశ్నయైన వేయలేదు. డబ్బాను నిఘంటువుల వెనుక పెట్టి, బీరువాకు తాళము వేసెను. "రేపు ఎనిమిది గంటలకు రా తమ్మీ, నేనుంట" అని మాత్రము అనెను.

నేడు నేను చెప్పదలచినదంతయు ఆ డబ్బాలోనే యున్నది. కారాగారములో వైద్యుడు ఎంత మంచి పని చేసినను, గ్రామములో ఆ డబ్బాకు చోటు లేనియెడల ఆ పని సగములో తెగిపోవును.

కారాగారము మనకు దూరమైనదని యెవరును భావింపరాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు వాయిదాలకు తిరుగువారిని మీరందరు నెరుగుదురు. భూమి తగాదాలు, గంజాయి కేసులు, త్రాగి బండి నడిపిన కేసులు, కుటుంబ కలహములు - ఏదో ఒక కారణమున జమానతు దొరకక కొన్నినాళ్లు లోపల నుండినవారు ప్రతి ఊరిలోను కలరు. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022లో మన దేశపు ఖైదీలలో నలుగురిలో ముగ్గురు విచారణ ముగియనివారే. వారు కొన్ని వారములకో, మాసములకో ఇంటికి తిరిగివచ్చువారు. బ్రతుకుతెరువునకై ఎడారిదేశములకు పోయినవారి సంగతియు మనకు తెలిసినదే. సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు కొందరు దుబాయి కారాగారములో సుమారు 18 సంవత్సరములు గడపి 2024లో ఇల్లు చేరిరి. కావున కారాగారపు గోడకు ఆవల నున్నవారు పరాయివారు కారు, మన వాడకట్టువారే.

గ్రంథాలయమునకు కారాగారముతో పాత చుట్టరికము కూడ కలదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును పెంచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహ నేరముపై శిక్షపడి కారాగారవాసము చేసిరి. తెలంగాణమున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు తాము జైలులో నుండగా చూచిన సామాన్య ఖైదీల బ్రతుకులను 'జైలు లోపల' అను కథలుగా వ్రాసిరి. దొంగ యని, హంతకుడని లోకము పేరుపెట్టిన వానిలోను మనుష్యుని చూచుట ఆ పెద్దలు మనకు నేర్పిన పాఠము. ఆ పాఠమే నేటి విషయమునకు పునాది.

ఇక వ్యాధి మాట. ఎయిడ్స్ వ్యాధిని వైద్యులు మొదట 1981లో అమెరికాలో గుర్తించిరి. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1983లో పారిసు నగరమందలి పాశ్చర్ పరిశోధనాలయమువారు కనుగొనిరి. మన దేశమున 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల మొదటి రోగులను కనుగొనిరి. అటుపిమ్మట ఇది లారీ దారులవెంట, వలస దారులవెంట పల్లెలకు చేరెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశము దేశమందు ఈ వ్యాధి అధికముగా వ్యాపించిన ఆరు రాష్ట్రములలో నొకటి. భివండికి, సూరత్తుకు, బొంబాయికి పోయినవారి కుటుంబములు ఆ దినముల భయమును మరచియుండవు.

హెచ్.ఐ.వి. అనునది ఆ సూక్ష్మజీవి పేరు. అది దేహములోని రక్షణశక్తిని కొంచెము కొంచెముగా తినివేయును. చికిత్స లేక ఏండ్లు గడచినచో క్షయ మొదలగు రోగములు దేహమును పట్టుకొనును. ఆ దశకే ఎయిడ్స్ అని పేరు. ఇది వ్యాపించు దారులు నాలుగే. వ్యాధి కలవారితో రక్షణ లేని సంభోగము, వ్యాధి కలవారి రక్తమెక్కించుట, ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు వచ్చుట. ఒకే కంచములో తినుటవలన రాదు. ఒకే నల్లా నీరు త్రాగుటవలన, ఒకే మరుగుదొడ్డి వాడుటవలన, దోమకాటువలన, చేయి పట్టుకొనుటవలన రాదు. ఈ రెండవ పట్టికను మొదటి పట్టికవలెనే కంఠస్థము చేయవలెను. మొదటిది తెలియనివారు వ్యాధికి గురియగుదురు. రెండవది తెలియనివారు వ్యాధిగ్రస్తుని బాధింతురు.

మన దేశమున వయోజనులలో ఈ వ్యాధి కలవారు సుమారు వెయ్యికి ఇద్దరు. ఖైదీలలో 2019లో జరిపిన పరిశీలనలో సుమారు వందకు ఇద్దరుగా తేలెను. అనగా పదింతలు. 2019లో రాజమహేంద్రవరపు కేంద్ర కారాగారమందలి వ్యాధిగ్రస్తుల సంగతి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో విచారణకు వచ్చెను. 2023లో ఉత్తరాఖండమందలి హల్ద్వానీ కారాగారములో 44 మంది ఖైదీలకు వ్యాధి యున్నట్లు పత్రికలలో వచ్చెను.

ఇట్లెందుకు జరుగుచున్నది? ఖైదీలు పాపులు గనుక అని చెప్పుట సులభము. అది సరియైన సమాధానము కాదు. మొదటి కారణము: వ్యాధి సోకుటకు అవకాశమెక్కువగా నున్నవారే - మత్తు సూదులు వాడువారు, ఇల్లు విడిచి తిరుగు బీదలు - ఎక్కువగా పట్టుపడుదురు. పలువురు ఆ సంగతి తామెరుగకయే వ్యాధితో లోనికి పోవుదురు. రెండవది: లోపలి ఇరుకు. పదిమందికి కట్టిన గదిలో ఇరువదిమంది పడుకొనుచోట క్షయ త్వరగా వ్యాపించును, హెచ్.ఐ.వి. కలవానికి క్షయ ప్రాణాంతకము. మూడవది: దొంగచాటు సూది. మత్తుమందు లోనికి చేరినచో, సూది యొక్కటే యుండును, చేతులు పది యుండును. నాలుగవది: పచ్చబొట్టు. పొద్దుపోక ఒకే సూదితో, ఒకే సిరాతో వరుసగా పొడిపించుకొందురు. ఐదవది: చెప్పుటకు నోరు రాని సంగతి. పురుషులు మాత్రమే యుండు చోట సంభోగము జరుగుచున్నది; కొన్నిసార్లు బలవంతముగా జరుగుచున్నది. బలహీనుడైన కుర్రవాడు ఎవరితోను చెప్పుకొనలేడు. దీనిని లేదని కప్పిపుచ్చినంతకాలము వ్యాధికి దారి తెరచియే యుండును.

ఒకే బ్లేడుతో గడ్డము గీసుకొనుటయు మంచిది కాదు. సూదివలన కలుగునంతటి హెచ్.ఐ.వి. ప్రమాదము దానివలన లేకపోయినను, కామెర్లు కలిగించు సూక్ష్మజీవులు రక్తపు మరకలద్వారా సులభముగా ప్రాకును. ఎవరి బ్లేడు వారికుండవలెను.

దీనికి పూర్వము కొందరు తలచిన మందు, రోగిని వేరుచేసి బంధించుట. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకుడు రక్తదానము చేసెను. ఆ రక్తమును పరీక్షింపగా హెచ్.ఐ.వి. కనబడెను. ఏ నేరమును చేయని అతనిని పోలీసులు పట్టుకొనిపోయి, పూర్వము క్షయరోగుల ఆసుపత్రిగా నుండిన భవనములో 64 దినములు కాపలాపెట్టి నిర్బంధించిరి. దేశమంతట నిరసన పుట్టెను. అతడు విడుదలయై, తనవంటివారి హక్కులకై పాటుపడి 1992లో మరణించెను. ఆ 64 దినములవలన గోవాలో ఒక్కరికైనను వ్యాధి తగ్గలేదు. పరీక్ష చేయించుకొన్నచో బంధింతురను భయము మాత్రము పెరిగెను. భయపడినవాడు పరీక్షకు రాడు. పరీక్షకు రానివాడు తనకు తెలియకయే వ్యాధిని పంచును.

ఈ అనుభవమునుండి మన చట్టము నేర్చుకొనినది. 2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టమును చేసెను. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఒకని సమ్మతి లేక పరీక్ష చేయరాదు. ఫలితమును బయటపెట్టరాదు. వ్యాధి కారణముగా ఉద్యోగమునుండి, బడినుండి, అద్దె యింటినుండి వెళ్లగొట్టరాదు. ప్రభుత్వ నిర్బంధములో నున్న ప్రతి మనుష్యునికి - శిక్షపడినవానికైనను, విచారణలో నున్నవానికైనను - నివారణ, సలహా, పరీక్ష, చికిత్స పొందు హక్కు కలదని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. 2015లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన నెల్సన్ మండేలా నియమములును ఇదే చెప్పుచున్నవి: బయట పౌరునికి లభించు వైద్యము లోపలి ఖైదీకిని లభింపవలెను. న్యాయస్థానము వానికి విధించినది స్వేచ్ఛానష్టము. రోగము న్యాయస్థానము విధించిన శిక్షలోనిది కాదు.

మరి చేయదగిన పని యేమి? అది అయిదు మాటలలో చెప్పవచ్చును.

మొదటిది, లోనికి వచ్చిన ప్రతివానికి మంచిమాటతో విషయము తెలిపి, సమ్మతిపై పరీక్ష చేయుట. కొత్తగా సోకిన వ్యాధి మొదటి వారములలో పరీక్షకు దొరకకపోవచ్చును గనుక, కొంతకాలము తరువాత మరల చేయుట. దానితోడనే దగ్గు, జ్వరము కలవారికి క్షయ పరీక్ష చేయుట.

రెండవది, వ్యాధి కలదని తేలినవానికి వెంటనే మందు మొదలుపెట్టుట. ఈ మందులను మన ప్రభుత్వము 2004 ఏప్రిల్ నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. నేడు చాలమందికి రోజునకొక మాత్ర చాలును. ఇది వ్యాధిని దేహమునుండి పూర్తిగా తీసివేయదు, అణచియుంచును. మందు తప్పక వాడి, రక్తములో సూక్ష్మజీవి లెక్కకు దొరకనంత తగ్గినవానినుండి సంభోగమువలన ఇతరులకు వ్యాధి సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. కావున ఒక ఖైదీ మ్రింగు మాత్ర అతని భార్యను కూడ కాపాడుచున్నది. గర్భవతి వాడినచో బిడ్డను కాపాడుచున్నది.

మూడవది, లోపలి ప్రమాదములను తగ్గించుట. ఎవరి బ్లేడు వారికిచ్చుట, మత్తునకు అలవాటుపడినవారికి చికిత్స ఇచ్చుట, బలాత్కారమునుండి బలహీనులను కాపాడుట. అట్టి దౌర్జన్యమునకు గురియైనవానికి 72 గంటలలోపల మందు మొదలుపెట్టినచో వ్యాధి సోకకుండ ఆపు అవకాశము కలదు. అందుచేత వాడు నిర్భయముగా ఫిర్యాదు చేయగలిగియుండవలెను. నిరోధ్ సంగతి వివాదమైనది. 1994లో తీహారు కారాగారములో వానిని ఇయ్యవలెనని వైద్యులు సూచింపగా అధికారులు ఒప్పుకొనలేదు. ఇచ్చినచో తప్పును ఒప్పుకొన్నట్లగునని వారి శంక. అదే 1994లో స్విట్జర్లాండులోని హిండెల్‌బాంక్ స్త్రీల కారాగారము ఇంకొక అడుగు ముందుకు వేసి, శుభ్రమైన సూదులనే ఇచ్చి చూచెను. అందువలన మత్తు వాడుక పెరుగలేదు. సూదులు పంచుకొనుట తగ్గెను. నీతిని బోధించుట మనకు ఇష్టమే. ప్రాణము నిలిచినప్పుడే కదా నీతి వినుటకు మనుష్యుడుండును.

నాలుగవది, రహస్యము కాపాడుట. వ్యాధి కలవానికి వేరు గది, వేరు కంచము అవసరము లేదు. వేరుచేసిన మరుక్షణమే కారాగారమంతటికి వాని సంగతి తెలియును.

ఐదవది, మందు తెగకుండ చూచుట. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. ఖైదీ కదలుచుండును. ఒకనాడు కోర్టు వాయిదా, ఒకనాడు మరియొక జైలునకు మార్పు, ఒకనాడు హఠాత్తుగా బెయిలు. 2021లో వరంగల్లు కేంద్ర కారాగారమును తీసివేసినప్పుడు అందలి ఖైదీలందరు ఇతర కారాగారములకు పంపబడిరి. ఇట్టి ప్రతి కదలికయందును మందు తెగు ప్రమాదము కలదు. సిరిసిల్ల పద్మశాలి సోదరులకు నేను చెప్పవలసిన పని లేదు. పోగు తెగినప్పుడు మగ్గము ఆపి వెంటనే ముడి వేయనిచో, అల్లిక తప్పి ఆ మేర గుడ్డ చెడును. మందు పోగు తెగినను అంతే. సూక్ష్మజీవి మరల పెరుగును. కొన్నిసార్లు ఆ మందునకు లొంగనిదగును. అందుచేత విడుదల కాగితముతోపాటు కొన్ని దినముల మందు, చికిత్స పుస్తకము, ఇంటికి దగ్గర నున్న ఏ.ఆర్.టి. కేంద్రమునకు పత్రము చేతికియ్యవలెను.

ఇంతవరకు చెప్పినది వైద్యుల పని, అధికారుల పని. ఆరవ మాటయొకటి కలదు. అది మన పని.

విడుదలయైనవాడు కారాగారపు గేటు దాటి, బస్సెక్కి, ఊరి చౌరస్తాలో దిగును. అచట వానికొరకు చూచుచున్నదేమి? రెండు నిందలు. జైలుకు పోయినవాడని యొకటి, ఆ రోగము కలవాడని యొకటి. ఒక నిందనైన భరింపవచ్చును. రెండును కలిసినప్పుడు మనుష్యుడు మందు డబ్బానే పారవేయును. డబ్బా లేనియెడల రోగము లేదని ఊరు నమ్మునుగదా అని వాని ఆశ. గల్ఫునుండి వైద్యపరీక్షలో తప్పి తిరిగి పంపబడిన సోదరుని గతియు ఇట్టిదే. ఏ నేరమును చేయకయే అతడు ఊరిలో ఖైదీవలె బ్రతుకును. ఆ యింటి ఆడువారి కష్టము చెప్పనలవి కాదు. బీడీలు చుట్టి పిల్లలను సాకుచు, భర్త రోగమునకు తానే కారణమన్న మాట కూడ పడవలసివచ్చిన తల్లులు మన ప్రాంతములో కలరు. మనము మాటలతో కట్టు ఈ గోడకు తలుపు లేదు, విడుదల తేదీ లేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ సభ్యులకు నాలుగు మనవులు చేయుచున్నాను. ఈ వ్యాధిని గూర్చి తెలుగులో నున్న చిన్న పుస్తకములను తెప్పించి, అడుగనక్కరలేకుండ ఎవరైనను తీసికొనగల చోట పెట్టుడు. 1097 అను ఉచిత టెలిఫోను సంఖ్యను తలుపుపై పెద్ద అక్షరములతో వ్రాయుడు. పేరు చెప్పకయే ఎవరైనను అచట సలహా పొందవచ్చును. సంవత్సరమునకొకసారి ప్రభుత్వ ఆసుపత్రి సలహాదారును పిలిపించి, స్త్రీలకు వేరుగా, యువకులకు వేరుగా సభ జరుపుడు. చదివిన పుస్తకములలో మంచివి ఏరి, అధికారుల అనుమతితో దగ్గరి కారాగారమునకు పంపుడు. పుస్తకము చేతిలో నున్నవానికి పొద్దు గడచును. పొద్దు గడచినవాడు పచ్చబొట్టు సూదివైపు చేయి చాపుట తక్కువ.

ఇక ఆ యువకుని సంగతి. అతడు చాల దినములు రాత్రి ఎనిమిది గంటలకు గ్రంథాలయమునకు వచ్చి మాత్ర మ్రింగిపోవుచుండెను. వచ్చినవాడు ఊరక పోక, మొదట వార్తాపత్రిక, పిదప కథల పుస్తకములు చదువుట మొదలుపెట్టెను. ఒకనాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె గ్రంథపాలకునికి దండము పెట్టి, "ఇగ డబ్బ ఇంట్లనే ఉంటది సారూ, నేనే యాదిచేసి ఇస్త" అని చెప్పి డబ్బా తీసికొనిపోయెను. కుమారుడు తల్లితో చెప్పుటకు ధైర్యము తెచ్చుకొనుటకు అన్ని దినములు పట్టెను. అన్ని దినములు ఆ మందు తెగకుండ కాపాడినది ఒక బీరువా తాళము, ఒక మనుష్యుని మౌనము.

ఆ బీరువా మన గ్రంథాలయములోను కలదు. అట్టి అవసరముతో ఎవరైనను రేపు ఈ గడప తొక్కినచో, ప్రశ్న వేయక తాళము తీయగలవారము కావలెనని కోరుచున్నాను.